ఏడో నంబరు డబ్బా, జలాల్ చాచా చెవులు

నా నోటికి తాళం లేదని మా ఊళ్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. రైతు సంఘానికి ఏడేళ్లుగా కార్యదర్శిని నేనే. ఎరువుల లారీ రాకపోయినా, మీటింగుకు మనుషులు రాకపోయినా అరవాల్సింది నేనే కదా! ఆ నోటితోనే మొన్న వానాకాలంలో జలాల్ చాచాను నలుగురిలో ఒక మాట అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు మనసున పట్టేలా లేదు.

భైంసాలో జలాలుద్దీన్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. రేడియో జలాల్ అంటే మాత్రం పాన్‌డబ్బా వాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. చిన్న సందులో ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిన దుకాణం. పదిహేనేళ్ల వయసులో నాందేడ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర చేరి పని నేర్చుకున్నాడట. ఆ ఉస్తాద్ మొదటి ఏడాదంతా స్క్రూడ్రైవర్ ముట్టనివ్వలేదు. మూల కూర్చోబెట్టి వినమన్నాడు. ఏ జబ్బుకు రేడియో ఏ చప్పుడు చేస్తుందో చెవికి పట్టాకే చేతికి పనిచ్చాడు. అందుకే చాచా మీటరు కంటే చెవినే నమ్మేవాడు. బాగుచేసిన సెట్టు ముందు కళ్లు మూసుకుని కూర్చుని, ఒక పాట మొత్తం విని, మనకూ వినిపించి, అప్పుడు పంపేవాడు.

నా చిన్నప్పుడు మా బాపు రేడియో తెచ్చుకోవడానికి నన్ను తీసుకుని పోయాడు. పాట సగంలో ఉండగా వార్తలు మొదలయ్యాయి. మా బాపు లేవబోతే చాచా ఒప్పుకోలేదు.

"పాట పురాగ కాలే భాయ్, కూసో."

ఇంకో పాట వచ్చేదాకా కూర్చోబెట్టాడు. మా ఊరి ఆఖరి బస్సు కాస్తా పోయింది. మా బాపు దారి పొడవునా ఆయన్ని తిడుతూ నడిచాడు. ఆ రేడియో మాత్రం పద్దెనిమిదేళ్లు మాట్లాడింది.

తర్వాత రేడియోలు పోయాయి. టీవీలు వచ్చాయి, అవీ పలచబడి గోడలకు అతుక్కున్నాయి. ఇప్పుడు ఆయన దగ్గరికి మిక్సీలు, ఛార్జింగు లైట్లు, ఝట్కా మిషన్లు వస్తాయి. అడవిపందులు రాకుండా చేను చుట్టూ తీగ కట్టి, సోలారుతో నడిచే ఈ మిషను పెడతారు. క్షణానికోసారి తీగలోకి చిన్న దెబ్బ వదులుతుంది. పంది ముట్టుకుంటే అదిరిపడి పారిపోతుంది, చావదు. మోటారు కరెంటు నేరుగా కలిపే తీగ వేరు. దానికి పందీ ఒకటే, మనిషీ ఒకటే.

రెండేళ్లుగా గౌహర్ చాచీ కూడా దుకాణంలోనే కూర్చుంటోంది. ఒళ్లో చాట, చాటలో బీడీ ఆకు. ఎవరు వచ్చి ఏం చెప్పినా ఆమె మళ్లీ అదే మాట గట్టిగా అడుగుతుంది. "మిక్సీ తిరుగుతలేదు" అంటే, "ఏందీ, మిక్సీ తిరుగుతలేదా?" అంటుంది. పాపం, చాచీకి చెవుడు వచ్చిందనుకున్నాను. అనుకుని ఊరుకుంటే నేను వనజను ఎట్లా అవుతాను? మొహం మీదే అడిగాను. ఆమె నవ్వి బీడీ చుట్టుకుంది.

ఇక డబ్బాల సంగతి. కరీంనగర్‌లో పెద్ద చదువు చదువుతున్న సృజన అనే పిల్ల ఎండాకాలం ఆఖర్లో మా సంఘానికి వచ్చింది. పన్నెండు డబ్బాలు తెచ్చి పన్నెండు చేన్లలో గుంజలకు బిగించింది. ఒక్కో డబ్బాకు ఒక కన్ను, ఒక చెవి. చేన్లో ఏదైనా కదిలితే అది పందో కాదో తేల్చుకుంటుంది. పంది అనుకుంటే లైటు వెలిగించి సన్న గొంతుతో కీచుమని కూస్తుంది. సరిగా కూస్తే రైతు ఆకుపచ్చ బొత్తాం నొక్కాలి, తప్పు కూస్తే ఎర్రది. అట్లా నేర్చుకుంటుంది.

వింత ఏమిటంటే, వీటికి పైన పెద్దసారు ఎవరూ లేరు. మా చేన్లలో సిగ్నలు రాదు. ఫోను మాట్లాడాలంటే ట్రాక్టరు ఎక్కి నిలబడాలి. అందుకని ఏ డబ్బాకు ఆ డబ్బా తన చేన్లో నేర్చుకుని, ఆ నేర్చుకున్న పాఠాన్ని మాత్రం రేడియోలాగా గాలిలో పక్క డబ్బాకు చెబుతుంది. పక్కది దాని పక్కదానికి చెబుతుంది. కొన్నాళ్లకు పన్నెండు చేన్ల బుద్ధి ప్రతి డబ్బాకూ వస్తుంది. సృజన ఇదంతా బొమ్మలు గీసి చెబుతుంటే మా ఊరి కిష్టవ్వ మధ్యలోనే అందుకుంది.

"గంతేనా బిడ్డా? కలుపుకాడ మేం జేసేది గదే కదా. ఎవల సాలు వాళ్లదే. ముచ్చట మాత్రం గా సాలు నుంచి గీ సాలుకు వస్తనే ఉంటది."

ఆ పిల్ల ఈ మాటను నోటుబుక్కులో రాసుకుంది.

పదకొండు డబ్బాలు నెల తిరిగేసరికి దారికొచ్చాయి. ఎద్దును ఎద్దంటున్నాయి, కుక్కను కుక్కంటున్నాయి. ఒక్క ఏడో నంబరే మొద్దు. అది కిష్టవ్వ మక్కచేన్లో ఉంది. కిష్టవ్వకు డెబ్బై ఏళ్లు. నడుం వంగిపోయింది. వాన తుంపర పడితే తల మీంచి నల్ల గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని గెట్టు మీద మెల్లగా నడుస్తుంది. ఆమె కనపడగానే డబ్బా ఒకటే కూత.

"ఓ వనజా! నా చేన్ల నేను నడుసుకుంట పోతుంటే గిది నన్ను పంది అంటదే! దీని నోట్ల మన్నువడ!"

మొదట్లో అందరం నవ్వాం. ఆమె రోజుకు పదిసార్లు ఎర్ర బొత్తాం నొక్కినా దానికి బుద్ధి రాలేదు. పొద్దస్తమానం కూసేసరికి ఆ కూతకు పందులు అలవాటుపడ్డాయి. పక్కనున్న కిషన్‌రావు చేను చుట్టూ ఝట్కా తీగ ఉంది కాబట్టి అటు పోవు, నేరుగా ఇటే వస్తాయి. ఎకరంన్నర మక్కలో అర ఎకరం దున్నేసి పోయాయి. అప్పుడిక ఎవరికీ నవ్వు రాలేదు.

కిష్టవ్వ అల్లుడు దశరథం అత్త ఇంట్లోనే ఉండి చేను చూసుకుంటాడు. చెడ్డవాడు కాదు, కడుపు మండిన మనిషి. బుధవారం నాడు సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పాడు.

"అక్కా, కంకులు పాలువట్టినయ్. ఆదివారం దాక చూస్త. గప్పటికి గీ డబ్బ సుదరాయించకపోతే మోటరు కరెంటు తీగ గట్టుడే."

ఆ గెట్టు మీద నుంచే సగం ఊరు మోటార్ల దగ్గరికి పోతుంది. మూడేళ్ల కింద కిష్టవ్వ తమ్ముడు బాలమల్లు పొద్దున్నే మోటారు వేయడానికి పోతూ, ఎవరో కట్టిన అట్లాంటి తీగకే తగిలి ప్రాణం వదిలాడు. కిష్టవ్వ ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని కర్రతో నేల గీస్తోంది.

"అల్లునితోని కొట్లాడలేను వనజా, గాయినది గుడ కష్టమే. తీగ గడితే నేను గా గెట్టుమీదనే పండుకుంట. వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చెప్పుకుంట ఉంట. ఇంకో బాలమల్లు పోవద్దు."

ఆ డబ్బాను నమ్మమని ఆమెను బతిమాలింది నేనే మరి.

సృజనకు కబురు పెడితే గురువారం పరుగున వచ్చింది. బ్యాటరీ మార్చింది, ఏంటెన్నా మార్చింది, గుంజను ఇరవై అడుగులు జరిపింది. లాప్‌టాప్‌లో డబ్బాకొక గీత ఉంది, పదకొండు గీతలు కదులుతున్నాయి, ఏడోది చచ్చినట్టు పడి ఉంది.

"అక్కా, డబ్బ మంచిగనే ఉంది. పక్క డబ్బల పాఠాలు దీనికి చేరుతలేవు. నడుమల ఏదో గడబిడ ఉంది గాలిల. అవ్వ ఒక్కతి ఎర్ర బొత్తాం నొక్కితే సరిపోదు. ఎవ్వరి మాట ఇనవడక, తనకు తెల్సిన జరంత దాన్నే పట్టుకుని కూసుంది. గడబిడ ఎక్కడిదో పట్టే మిషను రావాల్నంటే పది రోజులైతది."

"పది రోజులా! ఆదివారం ఎన్నడో ఎరుకేనా నీకు?" అని ఆ పిల్ల మీద కూడా విరుచుకుపడ్డాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చాడు జలాల్ చాచా. గాలిలో గడబిడను పట్టడమే కదా ఆయన జీవితమంతా చేసిన పని!

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఆటో తీసుకుని పోయాను. చాచా అటక మీంచి తోలు సంచిలో ఉన్న పాత ట్రాన్సిస్టర్ దించాడు. తానూ వస్తానని చాచీ లేవబోతే, "నువ్వు కూసో, గిది నా పని" అన్నాడు. ఆమె ఆటో దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనతోని జర ముంగట నిలవడి మాట్లాడు బేటా. ఆయనకు గట్లనే ఇష్టం."

పెద్దమనిషి మర్యాద అనుకున్నాను. బుర్ర ఉంటే కదా నాకు!

ఏడో డబ్బా దగ్గర చాచా ట్రాన్సిస్టర్ వేసి, ఏ స్టేషనూ రాని చోట ముల్లు ఆపాడు. బుస్సుమనే హోరులో, గడియారం లెక్కన, క్షణానికొక "టక్". నాకూ సృజనకూ స్పష్టంగా వినపడుతోంది. చాచా మాత్రం దాన్ని చెవి దగ్గర పెట్టుకోలేదు. స్పీకరు జాలీ మీద నాలుగు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, మనిషే మెల్లగా చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆగాడు. "గిట్ల" అని నడిచాడు. పది అడుగులకోసారి ఆగి మళ్లీ వేళ్లు ఆనించి తిరుగుతాడు. నాడి చూసినట్టే ఉంది. వెనక నేను, సృజన, కిష్టవ్వ. గెట్టు దాటాం, కిషన్‌రావు చేను మూలకు వచ్చాం. అక్కడ రేకుల గూట్లో ఆయన ఝట్కా మిషను ఉంది. ట్రాన్సిస్టర్ ఇప్పుడు టకటకా కొట్టుకుంటోంది.

కిషన్‌రావు అక్కడే పాలేరుతో పైపులు వేయిస్తున్నాడు.

"ఏంది జలాల్ భాయ్, మిరుగు కార్తె ముంగట నువ్వు మంచిగ చేసి ఇచ్చిన మిషనే గద ఇది. దీనికేమైంది?"

చాచా మూత తీశాడు. తీగ బిగించే చోట జాయింటు సరిగా కూర్చోలేదు. క్షణానికోసారి నీలం నిప్పురవ్వ లేచి 'చిట్' మంటోంది. ఆ రవ్వే గాలినంతా గడబిడ చేసి, పక్క గెట్టు మీది డబ్బాకు ఎవరి మాటా చేరనివ్వడం లేదు. అడుగు దూరంలో నిలబడ్డవాళ్లందరికీ వినపడుతోంది ఆ చప్పుడు. ఇదిగో, నా నోరు జారింది ఇక్కడే.

"ఇంత గట్టిగ చిట్ చిట్ అంటుంటే బాగుచేసిన నాడు ఇనబడలేదా చాచా? చెవులెక్కడ పెట్టుకున్నవ్?"

చాచా ముఖం పాలిపోయింది. కిషన్‌రావు మంచివాడు, ఆయనకు తప్పుకునే దారి చూపించాడు.

"తర్వాత కోతులు గుంజినయ్ కావచ్చు తీయ్."

అవునంటే అయిపోయేది. ఎవరూ మళ్లీ అడిగేవారు కాదు. చాచా ఆ రవ్వ వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలెత్తి కిషన్‌రావును కాదు, కిష్టవ్వను చూశాడు.

"కోతులు గాదు రావుసాబ్. నా గల్తీ. గీ జాయింటు నేనే బిగించిన. చప్పుడు నాకు ఇనబడలే. రెండేండ్ల సంది సన్న చప్పుడు ఏదీ ఇనబడతలేదు. మాట గుడ, మొకం చూస్తేనే తెలుస్తది. ఎవ్వలికి చెప్పలే. రేడియో జలాల్‌కు చెవులు లేవంటే దుకాణం ఎవ్వలొస్తరని... అక్కా, నీ మక్క నా వల్లనే పోయింది. మాఫ్ చెయ్."

నాకు భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. కిష్టవ్వ తిడుతుందనుకున్నాను. అర ఎకరం పోయిన మనిషి, తిట్టినా న్యాయమే. ఆమె కర్ర ఊతంతో ఆయన దగ్గరికి జరిగి, తల ఎత్తి చూసింది.

"రెండేండ్ల సంది ఒక్కనివే ఎట్ల మోసినవ్ తమ్మీ గింత బరువు?"

చాచా మిషను వైపు తిరిగి, జేబులోంచి పట్టకారు తీసి జాయింటు విప్పాడు. గీకి, కొత్తగా మెలిపెట్టి, బిగించాడు. మిషను వేసి, ఈసారి సృజన వైపు చూసి, "బేటీ, నువ్వు ఇను. ఇని చెప్పు" అన్నాడు. ఆ పిల్ల మిషనుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆయన ఎదురుగా వచ్చి చెప్పింది, "లేదు తాతా. సప్పుడు లేదు." గెట్టు మీద లాప్‌టాప్‌లో ఏడో గీత వణికి, మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

శనివారం దుకాణానికి పోయాను, క్షమించమని అడగడానికి. చాచా వంచిన తల ఎత్తకుండా ఒక మిక్సీ విప్పుతున్నాడు. చాచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయనకు వినపడదని తెలిసి కూడా గొంతు తగ్గించింది.

"నాకు తెల్సు బేటా. ముప్పై ఎనిమిదేండ్లు నా చాయ గిన్నె సప్పుడైతే చాలు, తల ఎత్తేటోడు. ఒకనాడు ఎత్తలే. గప్పుడే తెల్సింది."

"మరి అడగలేదా?"

"దాచుకుంటుండు గద, దాచుకోనీ అనుకున్న. గిరాకి ఏం చెప్పినా నేను గట్టిగ మళ్ల అడుగుత. ఆయన ఇంటడు. నాకు తెల్సని ఆయనకు తెల్వదు, గట్ల నడుస్తుండె. మిరుగు ముంగట కొడుకు రాహిల్‌కు బిడ్డ పుట్టింది, మా మనుమరాలు యుమ్నా. నిజామాబాద్ పోయిన నేను, పది రోజులు. రావుసాబ్ మిషను గా పది రోజులల్లనే వచ్చింది. నేనే లేకపోతిని."

తప్పు తనదైనట్టు చాచీ చాట వైపు చూసింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఈమెకు చెవుడా అని మొహం మీదే అడిగానే! చాచా తల ఎత్తి, మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఏం చెప్పినవ్ ఆమెకు?" అని చాచీని అడిగాడు. చాచీ ఆయనకు ఎదురుగా తిరిగి, "అన్నీ చెప్పిన" అంది. ఆయన కాసేపు ఆమెనే చూసి, మిక్సీ పక్కన పెట్టి, మాకు చాయ చెప్పి వచ్చాడు.

ఆదివారం పొద్దున్నే అందరం కిష్టవ్వ చేను దగ్గర చేరాం. చాచా, చాచీ ఆటోలో వచ్చారు. దశరథం భుజాన తీగచుట్ట వేసుకుని నిలబడ్డాడు. నిన్న మాపటేళ పందులు వస్తే డబ్బా రెండుసార్లు సరిగ్గా కూసిందని, అవి బెదిరి పోయాయని తనే ఒప్పుకున్నాడు.

"కూసుడు ఎప్పుడు గుడ కూస్తది. కూయద్దన్నప్పుడు ఊకుంటదా, గది జూడాలె" అన్నాడు.

వాన లేదు. అయినా కిష్టవ్వ గొంగడి కప్పుకుంది. పరీక్షంటే పరీక్షే అంది. నడుం వంచి, కర్ర పట్టుకుని గెట్టు మీద బయల్దేరింది. డబ్బా ఇంకో పది అడుగులుంది. ఐదు. సృజన నా చెయ్యి నలిపేస్తోంది. కిష్టవ్వ డబ్బా ముందుకు వచ్చింది, దాటింది. మళ్లీ వెనక్కి వచ్చి దాని కంటి ముందే నిలబడి, గొంగడి ఇంకా కిందికి లాక్కుంది.

"ఇగో, నేనే. ఏమంటవ్ ఇప్పుడు?"

లైటు వెలగలేదు. మక్క ఆకులు కూడా కదలడం లేదు.

తను నిలబడ్డ చోటికి ఆ లైటు కనపడక, చాచా మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. మేమంతా కొయ్యబారి ఉన్నాం, మా ముఖాల్లో ఆయనకు ఏమీ దొరకలేదు. చాచీ వైపు తిరిగాడు. నలుగురిలో, దాచుకోకుండా, మొదటిసారి అడిగాడు.

"కూసిందా? నాకు ఇనబడది గద, నువ్వు చెప్పు."

ఎవరేమన్నా తిరిగి చెప్పే ఆమె, ఆ ఒక్కమాటకు మాత్రం కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. కిష్టవ్వే గెట్టు దిగి వచ్చింది. గొంగడి తీసి చంకన పెట్టుకుని, ఆయనకు సరిగ్గా ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేట్టు నెమ్మదిగా చెప్పింది.

"కూయలే తమ్మీ. గిప్పుడు నీకేమినబడుతున్నదో, మాకు గుడ గదే ఇనబడుతున్నది."

చాచా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చాచీ ఆయన వీపు నిమురుతూ నిలబడింది. దశరథం భుజం మీది తీగచుట్ట దించి నేల మీద పెట్టాడు.

ఇప్పుడది వాళ్ల వాకిట్లో దండెం. కిష్టవ్వ గొంగడి దాని మీదే ఆరుతుంది.